ఏడో నంబరు పెంకులో మిరపగింజ

మూడు వేల ఏళ్ల చరిత్రను ఒక్క వారంలో తలకిందులు చేసి, దాన్ని మళ్లీ నిటారుగా నిలబెట్టడానికి ఒక పూటంతా చెమటలు కక్కిన మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, చూడండి. పేరు దానియేలు. సొంత ఊరు నంద్యాల. ఆ పూట నేను పడ్డ ఆదుర్దా తలుచుకుంటే ఈ వయసులో కూడా నాకు నాలుక ఎండుతుంది. మీరు మాత్రం నిశ్చింతగా నవ్వుకోవచ్చు. చరిత్ర పాడైనా మీ ఉద్యోగానికి వచ్చిన ముప్పేమీ లేదు కదా.

పందొమ్మిది వందల డెబ్బైలు దాటి ఎనభైల్లోకి వచ్చిన కొత్తలో నేను నంద్యాలలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం డెమాన్‌స్ట్రేటర్‌ని. పిల్లలకు ఆకులు, వేర్లు కోసి మైక్రోస్కోపు కింద పెట్టడం నా పని. అదే ఏడు ఆళ్లగడ్డ అవతల ఒక పాటిదిబ్బలో తవ్వకాలు మొదలయ్యాయి. ఎప్పుడో ఊరుండి పాడుబడిన చోటది. రైతులు తరతరాలుగా ఆ మట్టి తోలుకుపోయి చేలకు ఎరువుగా వేసుకుంటున్నారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసర్ వేదాద్రిగారు అక్కడ నాలుగు నెలలు తవ్వించారు. బంగారం దొరుకుతుందని ఊళ్లోవాళ్లు రోజూ వచ్చి గట్టున కూర్చునేవాళ్లు. దొరికినవి మాత్రం కుండపెంకులు, గంపలు గంపలుగా.

ఒకరోజు ఆయన మా ల్యాబుకు వచ్చి ఒక పెంకు నా చేతిలో పెట్టారు. లోపలివైపు నల్లటి పొర అంటుకుని ఉంది.

"ఇదేమిటో చెప్పండి," అన్నారు.

"మసి అండీ."

"మసి బయట పడుతుంది. ఇది లోపల ఉంది. మాడు. మూడు వేల ఏళ్ల కిందట ఎవరో ఇల్లాలు పొయ్యి మీద గంజి పెట్టి మాటల్లో పడింది. అడుగంటింది. ఆ రోజు ఆమె ఎన్ని తిట్లు తిందో గానీ నాకు మాత్రం పెద్ద ఉపకారం చేసింది. ఆ గంజి దేనితో కాచిందో ఈ మాడులో ఉంటుంది."

ఆయన ఆలోచన ఇది. ఒక్కో ధాన్యం పొట్టు మీద ఒక్కో రకం నేత ఉంటుంది, చీరల మీద అంచులాగా. కాలి బొగ్గయినా ఆ నేత పూర్తిగా చెరిగిపోదు. మాడును గీకి మైక్రోస్కోపు కింద పెడితే అది కొర్రదో, అరికదో, జొన్నదో పోల్చుకోవచ్చు.

"మీరు పోల్చగలరా?" అని అడిగారు.

"కళ్లు మూసుకుని చెప్తానండీ."

"కళ్లు తెరుచుకునే చెప్పండి, తొందరేమీ లేదు," అన్నారాయన.

అక్కడే నాకు బుద్ధి రావలసింది. రాలేదు.

ఆయన పన్నెండు పాత పెంకులు గుడ్డలో చుట్టి ఇచ్చి రెండు జాగ్రత్తలు చెప్పారు. ఒకటి, పోల్చి చూడటానికి కొత్త కుండల్లో ఆరు రకాల ధాన్యాలు వండి, కావాలని మాడ్చి, ఆ పెంకుల్ని ఒక నెల పాటిమన్నులో పూడ్చిపెట్టాలి. అప్పుడవి కూడా మట్టి పట్టి పాతవాటిలా తయారవుతాయి. రెండు, ప్రతి పెంకు మీదా ఇండియన్ ఇంకుతో నంబరు వేయాలి. పాతవాటికి ఒకటి నుంచి పన్నెండు, కొత్తవాటికి పదమూడు నుంచి పద్దెనిమిది. "నంబరు పోతే పెంకు పోయినట్టే," అన్నారు.

నంద్యాలలో నాది అద్దె గది. అందులో కట్టెల పొయ్యికి చోటు లేదు. అందుకని సరంజామా అంతా మూటగట్టుకుని ఆళ్లగడ్డలో మా పెద్దమ్మ ఇంటికి చేరాను.

మా పెద్దమ్మ సువార్తమ్మ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. ఆళ్లగడ్డలో సగం మందికి ఆమే అక్షరాలు దిద్దించింది, మిగతా సగం మందికి చెవులు మెలిపెట్టింది. ఆమె ఎక్కితే బస్సులో కండక్టరు కూడా చొక్కా గుండీలు సర్దుకునేవాడు. అలాంటి ఆమె పెరట్లో నేను అన్నం మాడ్చడానికి పూనుకున్నాను.

"ఏందిరా దానీ, పొగ వస్తాంది. మాడతాండాది సూడు."

"మాడాల్నే పెద్దమ్మా. మాడేదానికే పెట్టినా."

"తినే తిండిని కావాల్నని మాడుస్తాండావా? దేవుడిచ్చిన కూడురా అది."

"చదువు కోసరం పెద్దమ్మా."

"నేనూ సదువు చెప్పినా ముప్పై ఏండ్లు. యా పుస్తకంలోనూ కూడు మాడ్చమని ల్యాకపాయె."

ఆరు కుండల్లో ఒకటి పొయ్యి మీదే ఫెళ్లున పగిలింది. ఇంకొకటి తేవడానికి కుమ్మరి వాళ్లింటికి పోతూ, "కొర్రగంజి పొయ్యి మీదుంది. కొంచెం చూస్తాండు. కలబెట్టొద్దు," అని పెద్దమ్మకు చెప్పాను. తిరిగొచ్చేసరికి గంజి నాకు కావలసినట్టే చక్కగా మాడి ఉంది. ఆమెకు దండం పెట్టి కుండ దించాను. ఆ మర్నాడు నేను కుండల్ని పగలగొట్టి, పెంకుల్ని పాటిమన్నులో పూడుస్తుంటే ఆమె గడపలో నిలబడి, "మాడ్చింది సాల్దని సమాధి కూడా చేస్తాండావా," అని లోపలికి పోయింది.

నెల తిరిగింది. పెంకులు తవ్వి తీశాను. కొత్తవి, పాతవి పద్దెనిమిదీ కడిగి పెరట్లో గోనెపట్టా మీద ఆరబెట్టాను. ఇక నంబర్లు వేయాలి. ఇండియన్ ఇంకు సీసా మూత తీసి చూస్తే అది ఎండి రాయై కూర్చుంది. కొత్త సీసా కావాలంటే నంద్యాల పోవాలి. నాకు బద్ధకం. కాగితం చీటీల మీద నంబర్లు రాసి, మైదాపిండి ఉడికించిన బంకతో పెంకులకు అంటించేశాను. నా తెలివికి నేనే మురిసిపోయి లోపలికెళ్లి భోంచేశాను.

మజ్జిగన్నం దగ్గరుండగా పెరట్లో ఏదో చప్పుడైంది. చేయి కడుక్కోకుండానే పరుగెత్తాను. పెద్దమ్మ మేక గోనెపట్టా మీద నిలబడి ఒక్కో పెంకునూ నాలుకతో శుభ్రం చేస్తోంది, పెళ్లిలో ఆఖరి పంక్తి వాడు విస్తరి ఊడ్చినట్టు. మైదాబంక, దాని మీది కాగితం, కాగితం మీది నంబరు, మూడూ దాని పొట్టలోకి పోతున్నాయి. నన్ను చూసి అది నములుతూనే పక్కకు తప్పుకుంది. పద్దెనిమిది చీటీల్లో పదకొండు లేవు.

ఇప్పుడు ఏం చేయాలి? బుద్ధున్నవాడు ఎవడైనా ప్రొఫెసర్ గారికి ఉత్తరం రాసి ఉన్న సంగతి చెప్తాడు. ఆయన వచ్చి చూస్తే ఏది కొత్తదో ఏది పాతదో పెంకు మందాన్ని బట్టి, కాలిన రంగును బట్టి చెప్పగలిగేవారు. నేను మాత్రం గోనెపట్టా ముందు గొంతుక్కూర్చుని, "ఇది మూలన ఉండె. ఇది దాని పక్కన ఉండె," అని జ్ఞాపకం చేసుకుంటూ పదకొండింటికీ మళ్లీ చీటీలు రాసి అంటించాను. పెంకుల సంగతి నాకేం తెలుసని అడగకండి. నాకు ఆకులు తెలుసు. కానీ ఆ వయసులో మనిషికి తన జ్ఞాపకశక్తి మీద ఉండే నమ్మకం దేవుడి మీద కూడా ఉండదు.

నంద్యాల ల్యాబులో పని మొదలుపెట్టాను. మూడో రోజు ఏడో నంబరు పెంకు వంతు వచ్చింది. అది పాతది. అంటే, పాతదని నేను చీటీ అంటించింది. మాడులో సగం కూరుకుపోయి ఏదో గింజ భూతద్దంలో కనబడింది. చదునుగా, గుండ్రంగా, ఒక పక్కన చిన్న ముక్కుతో. మాడిపోయినా దాన్ని పోల్చుకోలేకపోవడానికి నేను రాయలసీమలో పుట్టకుండా ఉండాలి. మిరపగింజ.

మిరపకాయ మన దేశానికి పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిందని, అది కొన్ని వందల ఏళ్ల నాటి మాటేనని నేను చదువుకున్నాను. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. మరి మూడు వేల ఏళ్ల నాటి కుండలో మిరపగింజ ఏమిటి? ఇక్కడ రెండే దారులు. పుస్తకాలన్నీ తప్పు కావాలి, లేదా నేను తప్పు కావాలి. నేను ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. పుస్తకాలన్నిటినీ తప్పు చేసేశాను. తెల్లకాగితం మీద నా సంతకం కొత్త పద్ధతిలో ఎలా ఉంటే బాగుంటుందో రాసి చూసుకున్నాను కూడా.

నేనిచ్చిన టెలిగ్రాం అందిన మూడో రోజుకు ప్రొఫెసర్ గారు నంద్యాలలో దిగారు. గింజను భూతద్దంలో చాలాసేపు చూశారు. పెంకును అరచేతిలో ఒకసారి ఆడించి చూశారు. మరుసటి ఏడు రిటైర్ కాబోయే మనిషి. జీవితమంతా పెంకులు ఏరినందుకు చివర్లో ఇలాంటిది ఒకటి దొరుకుతుందని ఆయన అనుకొని ఉండరు.

"దానియేలు గారూ, ఒక్కటే అడుగుతాను. నంబరు రూఢియేనా?"

మేక నా కళ్ల ముందు మెదిలింది. నములుతూ కనబడింది.

"రూఢి అండీ," అన్నాను.

శనివారం పదకొండు గంటలకు మా కాలేజీ హాల్లో సభ పెట్టారు. చుట్టుపక్కల కాలేజీల వాళ్లు, ఊళ్లో పెద్దలు, ఇద్దరు పత్రికల వాళ్లు వస్తున్నారు. ప్రొఫెసర్ గారు పెంకును తన దగ్గరే ఉంచుకున్నారు. నేను శుక్రవారం సాయంత్రం ఆళ్లగడ్డ వెళ్లాను, మంచి చొక్కా తెచ్చుకోవడానికి, ఇంకా నిజం చెప్పాలంటే పెద్దమ్మ దగ్గర గొప్పలు చెప్పుకోవడానికి. ఆ సాయంత్రం ఆమె ప్రార్థన కూటానికి పోయింది. గొప్పలు మర్నాడు పొద్దున సంగటి ముద్ద ముందు మొదలయ్యాయి.

"పెద్దమ్మా, మూడు వేల ఏండ్ల కిందట ఈ ఆళ్లగడ్డలోనే మిరపకాయ తిన్యారంట. నేను కనిపెట్టినా."

"యాడ దొరికిందిరా?"

"కుండపెంకులో. కొర్రగంజి మాడులో."

ఆమె ముద్ద చేస్తున్న చెయ్యి ఆపింది. "కొర్రగంజిలోనా? అది నేను ఏసిందే కదరా."

"ఏందీ?"

"నువ్వు కుమ్మరోళ్లింటికి పోయినావే ఆ పొద్దు. నాలిక్కి రాసుకొని సూస్తే ఉప్పు ల్యా, కారం ల్యా. సప్పిడి గంజి. మాడ్చేదైనా మనిషి తినేటట్ల ఉండల్ల కదా అని మూడు మిరపకాయలు తుంచి ఏసినా. ఉప్పు కూడా ఏసినా. అది మాత్రం దొరకల్యా?"

సంగటి గొంతులో అడ్డం పడింది. నీళ్లు తాగాను. నీళ్లు కూడా అడ్డం పడ్డాయి. గోడ గడియారం తొమ్మిది కొట్టింది. ఇంకో రెండు గంటల్లో ఒక పెద్దమనిషి మా పెద్దమ్మ పోపును చేత్తో ఎత్తి పట్టుకుని, ఇది మూడు వేల ఏళ్ల నాటిదని పత్రికల వాళ్ల ముందు చెప్పబోతున్నాడు.

మేక సంగతి, చీటీల సంగతి అప్పుడు బయటపెట్టాను. పెద్దమ్మ అంతా విని చెయ్యి కడుక్కుంది.

"అబద్ధం చెప్పినావా ఆయప్పకు?"

"రూఢి అన్యా."

"అదే అబద్ధం. లెయ్. నేనూ వస్తా. నీ మొగానికి నిజం పలికే ధైర్యం సాలదు."

ముందు పోస్టాఫీసుకు పరుగెత్తాను. కాలేజీకి ట్రంకాల్ కలవడానికి అరగంట పట్టింది. ఎత్తింది అటెండరు మాబుసాబు. లైన్లో వడ్లు మరపట్టే మిల్లు నడుస్తున్నట్టు మోత.

"మాబన్నా, నేను దానియేలును. ప్రొఫెసర్ గారికి చెప్పు. మిరపగింజ మంచిది కాదు."

"మిరపకాయలా? యా మిరపకాయలు?"

"మిరపగింజన్నా. అది వాడొద్దని చెప్పు. మోసం జరిగింది."

"మోసమా? వాడొద్దంటివా? సరేలేప్పా, ఇప్పుడే పోయి చెప్తా. మంచిపని చేస్తివి ముందే చెప్పి."

లైను తెగిపోయింది. చెప్తానన్నాడు కదా అని ఒక్క నిమిషం ఊపిరి పీల్చుకున్నాను. ఆ తర్వాత అనుమానం పట్టుకుంది. మాబుసాబుకు ప్రొఫెసర్ గారు ఎవరో తెలుసా? తెలిసినా, పెద్దల మధ్య ఉన్న మనిషి దగ్గరికి వెళ్లగలడా?

బస్సు ఎక్కాం. నంద్యాలకు గంటంబావు దారి. మహానందికి పోయే పెళ్లివారు ఒక గుంపు అదే బస్సులో ఉన్నారు. సిరివెళ్ల దగ్గర వాళ్ల ముసలాయనకు టీ కావలసి వచ్చింది. డ్రైవరు కూడా దిగి తాగాడు. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "బిన్న రాన్నా, బిన్న రా," అని తొందరపెడుతుంటే అతను గ్లాసు ఊదుకుంటూ, "కాలుతాండాదప్పా," అన్నాడు. ఆ టీ చల్లారేలోపు నా ఉద్యోగం, నా పేరు, ప్రొఫెసర్ గారి నలభై ఏళ్ల పరువు వరసగా కళ్ల ముందు ఊరేగాయి. పెద్దమ్మ మాత్రం పక్కన నిటారుగా కూర్చుని, ఆయనకు ఏం చెప్పాలో నాతో వల్లె వేయిస్తోంది.

హాలు చేరేసరికి పదకొండున్నర దాటింది. లోపల నిలబడటానికి చోటు లేదు. పెద్దమ్మ ఆడవాళ్ల వరుసలో ఎవరినో జరగమని కూర్చుంది. నేను గోడకు అతుక్కుని నిలబడ్డాను. ప్రొఫెసర్ గారు అప్పటికే పాతకాలపు పంటల గురించి మాట్లాడుతున్నారు. బల్ల మీద నల్లగుడ్డ, దాని మీద ఏడో నంబరు పెంకు. మాబుసాబు జాడ లేదు.

వేదిక దగ్గరికి పోయే దారి లేక జేబులోంచి కాగితం తీసి నాలుగు ముక్కలు రాశాను. మడిచి ముందువాడికిచ్చాను. అది చేతులు మారుతూ ముందుకు సాగింది. ఒక పెద్దాయన దాన్ని పట్టుకుని కునుకు తీశాడు. పక్కాయన గుంజుకుని ముందుకు పంపాడు. చివరికి అది సభను నడిపిస్తున్న మా తెలుగు లెక్చరరు గారి చేతికి చేరింది. పొద్దుటి నుంచీ ఆయనకు ఇలాంటి చీటీలు వస్తూనే ఉన్నాయట, ఫలానావారు అభినందనలు తెలుపుతున్నారని. ప్రొఫెసర్ గారు పెంకును చేతిలోకి తీసుకుని, "ఇప్పుడు నేను చెప్పబోయే విషయం..." అని ఊపిరి తీసుకోవడానికి ఆగారు. అదే అదను చూసుకుని లెక్చరరు గారు మైకు ముందుకు వంగి, చీటీ విప్పి, పద్యం చదివినట్టు గంభీరంగా చదివారు.

"అయ్యా, మిరపగింజ మా పెద్దమ్మది. దయచేసి ఆగండి. ఇట్లు, దానియేలు."

ఎక్కడో ఒకరు ఫక్కున నవ్వారు. ఆ నవ్వు ఆగక ముందే ఆడవాళ్ల వరుసలోంచి పెద్దమ్మ లేచి నిలబడింది.

"ఆ పెద్దమ్మను నేనే."

బడిలో హాజరు పిలిస్తే పలికినట్టు పలికింది. కుండ, కొర్రగంజి, మూడు మిరపకాయలు, ఉప్పు, మేక, చీటీలు, ఒక్కటి వదలకుండా వరసగా చెప్పి, "వానికి సిగ్గు ఎక్కువై మీకు చెప్పల్యా సామీ. తప్పు వానిదే. మిరపకాయల్ది కాదు," అని కూర్చుంది.

నేను గోడలోకి కలిసిపోవాలని గట్టిగా ప్రయత్నించాను. గోడ ఒప్పుకోలేదు.

ప్రొఫెసర్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు. తర్వాత పెంకును అరచేతిలో ఎగరేసి పట్టుకున్నారు.

"మొన్న దీన్ని చేతికి తీసుకోగానే తేలిగ్గా అనిపించింది," అన్నారు మెల్లగా. "పాత పెంకు ఇంత తేలిగ్గా ఉండదు. నా చెయ్యి నాకు ఆ మాట చెప్పింది. నేనే వినలేదు. వినాలనిపించలేదు. కాబట్టి ఆ కుర్రవాడొక్కడిదే కాదమ్మా తప్పు."

పత్రికల వాళ్లు పెన్నులు జేబుల్లో పెట్టేసుకున్నారు. ఆయన మాత్రం ఇంకో అరగంట మాట్లాడారు. మాడులోంచి ధాన్యాన్ని ఎలా గుర్తుపట్టవచ్చో, ఎంత తేలిగ్గా మోసపోవచ్చో ఆ పెంకునే చూపించి చెప్పారు. ఆయన గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా నేను తట్టుకునేవాణ్ని. ఆ మెత్తదనం నా వల్ల కాలేదు. సభ ముగిశాక దగ్గరికెళ్లి తల దించుకుని నిలబడ్డాను.

"క్షమించండి సార్. మేక సంగతి ఆ రోజే చెప్పవలసింది."

"చెప్పవలసింది," అన్నారాయన. "సోమవారం నుంచి ఉన్న పెంకులన్నిటికీ నంబర్లు వేయండి. ఇంకుతో. పదండి, ముందు భోంచేద్దాం."

హాస్టల్లో అరవై మందికి విస్తళ్లు వేశారు. ప్రొఫెసర్ గారి పక్కన పెద్దమ్మ, ఆమె పక్కన నేను. పప్పు వడ్డించారు. కూర వడ్డించారు. చారు పోశారు. చూస్తే ఏదో తేడాగా ఉంది. పప్పు పసుప్పచ్చగా పసిపిల్లాడి ముఖంలా అమాయకంగా ఉంది. కూర తెల్లగా ఉంది. చారు చూస్తే అడుగున విస్తరి ఈనెలు కనబడుతున్నాయి. రాయలసీమ నడిబొడ్డున, అరవై మంది పెద్దమనుషుల పంక్తిలో, ఎక్కడా కారం అన్న మాటే లేదు.

వంటాయనను పిలిచి అడిగితే చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు.

"నేనేం చేద్దును సార్. మిరపకాయల్లో మోసం జరిగింది, వాడొద్దని దానియేలు సార్ ఆళ్లగడ్డ నుంచి ఫోన్ చేసి చెప్పినాడంట. మాబుసాబు పరుగెత్తుకొని వచ్చి మూట ఎత్తుకొని పాయె. అప్పటికింకా పొయ్యి కూడా ఎక్కించలేదు."

అరవై తలలు నా వైపు తిరిగాయి. పెద్దమ్మ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయను. ప్రొఫెసర్ గారు ఒక ముద్ద కలుపుకుని నోట్లో పెట్టుకున్నారు. కళ్లు మూసుకుని నెమ్మదిగా నమిలి మింగారు.

"దానియేలు గారూ," అన్నారు, "నలభై ఏళ్లుగా వాళ్లేం తినేవారో వెతుకుతున్నాను. ఎలా ఉండేదో ఇవాళ తెలిసింది. పాపం, ఎలా బతికారో."

పంక్తి పంక్తంతా నవ్వింది. మాబుసాబు కూడా నవ్వాడు, ఎందుకో తెలియకుండానే. ఆ నవ్వుల మధ్య నేను చప్పటి పప్పన్నం తలెత్తకుండా మొత్తం తిన్నాను.

ఆ తర్వాత రెండేళ్లు ఆ పెంకులతోనే గడిపాను. అసలైన పాత మాడులో తేలింది కొర్రలు, కొంచెం అరికలు. అంతే. ఏ పుస్తకమూ తప్పు కాలేదు.

ఆ రోజు విస్తరి ముందు కూర్చుని, ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకుని ఒక ప్రమాణం చేశాను. మీ అందరి సాక్షిగా మళ్లీ చేస్తున్నాను. దానియేలు అనే నేను, బతికి ఉన్నంతకాలం, తెలియని పెంకుకు తెలిసినట్టు నంబరు వేయను. రూఢి అన్న మాట రూఢి అయితే తప్ప పలకను. చేతిలో ఎంత గొప్ప సంగతి ఉన్నా ట్రంకాల్లో చెప్పను. పెద్దమ్మను వంట దగ్గర ఒంటరిగా వదలనని కూడా చేర్చబోయాను గానీ, నిలబెట్టుకోలేని ప్రమాణం చేయడం పాపమని ఆమే నాకు బడిలో నేర్పింది.